పెద్ద ఈరన్న కండ్లు

ఎర్రగుంట్ల దాటాక రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో ఓబుళేశు ఇరవై ఆరేళ్ళుగా చచ్చినవాళ్ళను నిలబెడుతున్నాడు. ఇనుపకడ్డీలు వంచి మనిషి ఎత్తు కట్టి, దానికి కోళ్ళ జాలీ చుట్టి, పొర మీద పొర సిమెంటు మెత్తి, ఆరాక ఇత్తడి రంగు పూస్తాడు. పోయిన పెద్దమనిషి మళ్ళీ పంచె కట్టుకుని, చెయ్యెత్తుకుని, తన తోటలో నిలబడతాడు. ఆ చుట్టుపక్కల కూడళ్ళలో, చీనీతోటల్లో చేతులెత్తి నిలబడ్డవాళ్ళలో సగంమంది ఓబుళేశు చేతిలో తయారైనవాళ్ళే. బతికున్నన్నాళ్ళూ ఊరిని కాల్చుకు తిన్నవాడైనా సరే, ఓబుళేశు షెడ్డులోంచి బయటికొచ్చేసరికి చల్లగా నవ్వుతుంటాడు. కొడుకులు అట్లా కావాలంటారు, అతను అట్లా చేసిస్తాడు. వాళ్ళ నవ్వు వాళ్ళిష్టం, మనకేం?

ఇందరిని చేసినవాడు తన నాయనను కూడా చేసుకున్నాడు. అది ఎవరూ అడగని బొమ్మ. పెద్ద ఈరన్న నాపరాళ్ళ గనిలో బండలు తీసిన కూలి. ముప్పై ఏళ్ళు సమ్మెట కొట్టి, ఆ దుమ్మే మింగి, దగ్గి దగ్గి పోయాడు. బతుకులో ఒక్క ఫోటో దిగలేదు. వంక పక్కన పూడ్చిపెట్టారు. నాలుగేళ్ళకు ఆ వంకను పూడ్చి సిమెంటు ఫ్యాక్టరీకి రోడ్డేశారు. ఇప్పుడు పెద్ద ఈరన్న మీదుగా రోజంతా లారీలు తిరుగుతాయి. ఆయన పెండ్లాం నాగలక్ష్మమ్మ ఆ రోడ్డు దాటాల్సి వస్తే చెప్పులు విడిచి చేత పట్టుకుంటుంది. చూసినవాళ్ళు ముసలిదానికి మతి చెడిందని నవ్వుకుంటారు.

ఫోటో లేని మనిషిని సిమెంటులో తేవాలంటే జ్ఞాపకం ఒక్కటే దిక్కు. ఓబుళేశుకున్న జ్ఞాపకం కొంత, అమ్మకున్నది మిగతాది. ఆరు నెలలు ప్రతి సాయంత్రం నాగలక్ష్మమ్మ షెడ్డుకొచ్చి, పచ్చి సిమెంటు మీద వేళ్ళు పెట్టి తడిమేది.

"ముక్కు ఇంత సూటిగా యాడుండెరా మీ నాయనకు? నొక్కు. ఇంకా నొక్కు. ఎడమ భుజం దించు. సమ్మెట మోసి మోసి ఆ భుజం కిందికి పొయ్యిండె."

ఒకరోజు తడమడం ఆపి చెయ్యి వెనక్కి తీసుకుంది. సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు ఓబుళేశుకు తెలిసింది, నాయన వచ్చేశాడని. బొమ్మకు రంగు వెయ్యలేదు. నాయన ఒంటి రంగు ఆ సిమెంటు రంగే.

ఇక మిగిలింది కళ్ళు. సిమెంటు బొమ్మకు కళ్ళు షెడ్డులో తెరవరు. కనుగుడ్డు నున్నగా వదిలేస్తారు. బొమ్మను తన చోట నిలిపాక, తనవాళ్ళను ఎదురుగా నిలబెట్టి, చేసినవాడు నిచ్చెనెక్కుతాడు. ఎడమచేత అద్దం పట్టుకుని, ఆ అద్దంలో చూస్తూ సన్న ఉలితో రెండు కంటిపాపలు తీస్తాడు. చేసినవాడు ఆ కళ్ళలోకి సూటిగా చూడకూడదు. మొదటిచూపు సొంత మనుషుల మీద, సొంత నేల మీద పడాలి. ఆ క్షణం నుంచి అది బొమ్మ కాదు, ఆ మనిషే. గుడి పని చేసిన తాతల దగ్గర్నుంచి వచ్చిన పద్ధతి ఇది. తాతలు చెప్పినవన్నీ ఓబుళేశు ఎప్పుడో గాలికొదిలేశాడు కానీ దీన్ని మాత్రం వదల్లేదు.

పెద్ద ఈరన్నకు తన చోటంటూ లేదు. సెంటు నేల లేనివాళ్ళు ఎక్కడ నిలుపుతారు? ఓబుళేశు సిగ్గు విడిచి ఊరి పెద్దలను రెండు గజాల జాగా అడిగాడు. ఆ పెద్దల్లో ఇద్దరి తండ్రులను చేసినవాడు తనే. వాళ్ళు కడుపుబ్బ నవ్వారు. "కూలోనికి విగ్రహమా? రేపు మా ఎద్దుకూ ఒకటి చేసి జాగా అడుగుతావేమప్పా!" అన్నారు. ఆ రోజు నుంచి పద్నాలుగేళ్ళు పెద్ద ఈరన్న తలకూ ముఖానికీ తువ్వాలు చుట్టుకుని, కళ్ళు లేకుండా, షెడ్డు మూలన గోడకానుకుని ఉన్నాడు.

అట్లాంటి షెడ్డుకు శ్రీవాసవి వచ్చింది. కడపలో పాత నూనెమిల్లు ఉన్న షావుకార్ల బిడ్డ. బరోడాలో శిల్పం చదువుకుని వచ్చింది. మిల్లు మూతబడి ఏళ్ళయింది కాబట్టి, అన్న ప్రదీప్‌కుమార్‌ను ఒప్పించి అందులో పదకొండుమంది శిల్పులతో ప్రదర్శన పెడుతోంది. ఊరి బొమ్మలు చేసేవాళ్ళను కూడా ఒకసారి చూద్దామని కారాపింది. ఇత్తడి రంగు పెద్దమనుషులను దాటుకుంటూ నేరుగా మూలకు పోయి, అడక్కుండానే తువ్వాలు లాగేసింది.

"ఎవరన్నా ఈయన?"

"మా నాయన మేడం."

"కండ్లు లేవే?"

"యాడ తెరిచేది మేడం? నిలబెట్టను జాగా లేదు."

శ్రీవాసవి బొమ్మ చుట్టూ మూడుసార్లు తిరిగింది. వంగిన భుజాన్ని, నొక్కుకుపోయిన ముక్కును ఫోన్లో ఫోటోలు తీసింది. ఆమె ముఖం వెలిగిపోయింది. "నాకిది కావాలన్నా. రంగు వద్దు. కండ్లు వద్దు. ఇట్లనే ఉండాల. ప్రదర్శన అయిపోతానే మా మిల్లు గేటు పక్కన దిమ్మె కట్టించి నిలబెడతా. ఇంక మీ నాయన ఎప్పటికీ ఆడనే ఉంటాడు."

ఓబుళేశు చెవిలో దిమ్మె మాట ఒక్కటే పడి అక్కడే గూడు కట్టుకుంది. కళ్ళు వద్దన్న మాట వినకపోలేదు, విన్నాడు. విని సరే మేడం అన్నాడు, సంతోషించాడు కూడా. ఇంత చదువుకున్న పిల్ల, షెడ్డులో కళ్ళు తెరవకూడదన్న పద్ధతి తెలిసిన పిల్ల, అనుకున్నాడు. ఇరవై ఆరేళ్ళలో తన దగ్గరికొచ్చిన ప్రతి ఒక్కరూ ఈడ వద్దు, ఆడ తెరువు అన్నవాళ్ళే. కళ్ళు ఎప్పటికీ వద్దనే మనిషి భూమ్మీద ఉంటుందని పాపం అతనికెట్లా తోస్తుంది?

ప్రారంభం రోజు పొద్దున్నే తల్లీకొడుకులు మొదటి బస్సుకు కడప చేరారు. నాగలక్ష్మమ్మ సంచిలో టెంకాయ, పసుపు, కొత్త పంచె ఉన్నాయి. వీధిలో అందరికీ చెప్పి వచ్చింది, మా ఆయనకు కడపలో జాగా దొరికిందని.

మిల్లులోపల సున్నం కొట్టి, దీపాలు పెట్టి తళతళలాడించారు. లారీ టైర్లు కోసి కట్టిన ఆంబోతు ఒకటి. ఎండిన బోర్లలోంచి పీకిన పైపులను వరసగా నిలబెట్టి 'దాహం' అని పేరుపెట్టారు. తేజేశ్వర్ అనే యువకుడు శనక్కాయ పొట్టు బంకతో అంటించి పడుకున్న ఆడమనిషిని చేశాడు. ఇంకా అక్కడక్కడా ఊడుతున్న పొట్టును అంటిస్తూనే ఉన్నాడు. "పొట్టుతో మనిషిని చేసినారే, దీన్ని మేకలు తినవా?" అని నాగలక్ష్మమ్మ నిజంగానే అడిగింది. తేజేశ్వర్ వినలేదు.

పెద్ద ఈరన్న హాలు నడిమధ్య నిలబడి ఉన్నాడు, పైనుంచి దీపం నేరుగా నెత్తిమీద పడుతూ. పక్కన చిన్న అట్టముక్క. ఓబుళేశు అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. 'పేరు లేని శ్రామికుడు. సిమెంటు, ఇనుము. రూపకల్పన: శ్రీవాసవి.' తెలీక రాసినట్టున్నారు, పేరు చెబితే దిద్దుతారులే అనుకున్నాడు. పెద్ద ఈరన్న అనే పేరు రాయడం ఎంతసేపు?

గేటు పక్కనైనా హాల్లోనైనా మిల్లు జాగా ఒకటే, ఇక నాయన చోటు ఇదే అనుకుని, తొమ్మిది గంటలకు అమ్మను ఎదురుగా నిలబెట్టాడు. నిచ్చెనెక్కి, అద్దం పట్టుకుని, అద్దంలో చూస్తూ రెండు కళ్ళూ తీశాడు. దిగి పక్కకు తప్పుకున్నాడు.

నాగలక్ష్మమ్మ తలమీద కొంగు కప్పుకుంది. మొగుడి ముఖంలోకి చూసి, "ఏమయ్యా, గుర్తుపట్టినావా? నేనే. పండ్లన్నీ రాలిపొయ్యినాయి" అంది. తర్వాత ఇంటి సంగతులు మొదలుపెట్టింది. ఏ ఎనుము ఎప్పుడు చచ్చింది, రేకులు ఎప్పుడు మార్చింది, కొడుకు మోకాలినొప్పి ఎట్లుంది. ఆమె కొంచెం పక్కకు జరిగితే ఆ చూపు కూడా జరిగినట్టే ఉంది. అది కళ్ళు తీసిన చేతి పనితనం. ఓబుళేశు గోడకానుకుని, గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. పద్నాలుగేళ్ళ బరువు దిగింది.

పది గంటలకు శ్రీవాసవి వచ్చింది. వచ్చీ రాగానే గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏం చేసినావన్నా నువ్వు?"

"తెరిచినా మేడం. మంచి గడియ చూసుకునే..."

"నేను వద్దని చెప్పలేదా? నీ నోటితోనే సరే అనలేదా?" ఆమె గొంతు పెరగలేదు. పెరిగుంటే ఓబుళేశుకు తేలికయ్యేది, తిట్లు అతనికి అలవాటే. "కండ్లు లేవు కాబట్టే అది నా వర్కు. కండ్లుంటే రోడ్డు పక్కన బొమ్మ. అట్లాంటివి జిల్లా నిండా ఉండాయి. సాయంత్రానికి హైదరాబాదు నుంచి మనుషులు వస్తాండారు. తీసెయ్."

"తీసేదేంది మేడం?"

"ఆ కండ్లు తీసెయ్. నున్నగా ముందెట్లుండెనో అట్ల."

ఓబుళేశు చేతులు జోడించాడు. "తెరిచేదానికి పద్ధతి ఉండాది మేడం. మూసేదానికి లేదు. మా తాతలు గూడా చెప్పలేదు. పాణం వచ్చినాక..."

"అయితే తీసకపో. ఆటో నేనే మాట్లాడతా. దిమ్మె సంగతి మరిచిపో."

తేజేశ్వర్ పొట్టు అంటించడం ఆపి, ఎంతో సాయం చేస్తున్నవాడిలా రాయి అరగదీసే తన గ్రైండర్ తీసుకొచ్చాడు. "నేను చేస్తా వాసవీ. రెండు నిమిషాల పని" అన్నాడు.

ఓబుళేశు అమ్మ వైపు చూశాడు. ఆమెకు ఈ మాటలేవీ పట్టలేదు. మొగుడి కాళ్ళ దగ్గర కూర్చుని కొత్త పంచె మడతలు విప్పుతోంది. దిమ్మె లేకుండా ఈమెను వీధిలోకి ఎట్లా తీసుకుపోవాలి? దిమ్మె మీద నిలబడితే చాలు, తర్వాత ఎవరూ లేనప్పుడు వచ్చి మళ్ళీ తెరుచుకోవచ్చు, అని అతని మనసు అబద్ధం చెప్పింది. అబద్ధమని అతనికి తెలుసు. ఒకసారి తెరిచి చెరిపిన కంటిని ఏ పనివాడూ మళ్ళీ ముట్టుకోడు. అయినా నమ్మాడు. గతిలేనివాడు నమ్మేది అట్లాంటివే.

"అమ్మా, పొద్దున్నుంచి ఏమీ తినలేదు. గేటు బయట హోటలుంది, పొయ్యి ఇంత తినిరాపో."

"ఆయన్ను ఒంటిగా ఇడిచిపెట్టి యాడికి పోదురా?"

"నేనుండా గదా. పో."

ఆమె వెళ్ళేదాకా ఆగి, తేజేశ్వర్ చేతిలోంచి గ్రైండర్ లాక్కున్నాడు. వేరేవాళ్ళ చెయ్యి పడనివ్వడు. నిచ్చెనెక్కాక అర్థమైంది, గ్రైండర్ పట్టాలంటే రెండు చేతులూ కావాలి. అద్దం పట్టే చెయ్యి లేదు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఓబుళేశు తాను తెరిచిన కళ్ళలోకి సూటిగా చూడాల్సి వచ్చింది. అవి నాయన కళ్ళు. పనినుంచి వచ్చి, గడపలో కూర్చుని, బిడ్డ అన్నం తిన్నాడా అని ఇంట్లోకి చూసే కళ్ళు. తెరుచుకుని రెండు గంటలు కూడా కాలేదు.

చక్రం తిరిగింది. ముందు ఎడమకన్ను పోయింది. కుడికన్ను చూస్తూనే ఉంది. అది పోవడానికి ఇంకా సేపు పట్టింది, ఎందుకంటే ఓబుళేశు ఆ కన్నును తెరిచేటప్పుడు బాగా లోతుగా చెక్కాడు. దుమ్ము లేచి అతని పెదాలమీద, నాలుకమీద పడింది. ఉమ్మకూడదనిపించి మింగేశాడు. నాయన ముప్పై ఏళ్ళు మింగిన రుచి ఏమిటో ఆ పూట తెలిసింది.

"బాగుంది. అంచుల్లో గరుకు అట్లనే ఉండనీ, అదే అందం" అంది శ్రీవాసవి కిందనుంచి.

నాగలక్ష్మమ్మ తిరిగొచ్చింది. కొంగులో రెండు ఇడ్లీలు కొడుక్కని మూటగట్టి తెచ్చింది. బొమ్మ దగ్గరికొచ్చి, తలెత్తి చూసి, నిలబడిపోయింది. ఓబుళేశు గబగబా అన్నాడు: "దిమ్మె మీద నిలిపినాక మళ్ళా తెరుస్తానమ్మా. ఈడ దీపాల ఎలుగు ఎక్కువుండాదని..." ఆమె ఇడ్లీల మూట కొడుకు చేతిలో పెట్టి, కొత్త పంచె మడిచి సంచిలో పెట్టుకుని, పోయి గుమ్మం పక్కన కూర్చుంది.

సాయంత్రం కార్లు వచ్చాయి. హైదరాబాదు నుంచి వచ్చిన విమర్శకుడు టైర్ల ఆంబోతును, బోరు పైపులను చూసి తలాడించి, పెద్ద ఈరన్న ముందు మాత్రం ఆగాడు. బొటనవేలితో ఆ కంటిగుంతలు నిమిరాడు. "ఎంత క్రూరమైన నిజాయితీ! చూపును ఎవరో గుంజుకున్నట్టే ఉంది. ఎవరితను?" అని అడిగాడు.

"ఎవరూ కాదండి. ఎవరూ కాకపోవడమే ఇందులో విషయం" అంది శ్రీవాసవి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమెకు పూలగుత్తి ఇచ్చారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో ఓబుళేశు కూడా ఉన్నాడు. పక్కవాళ్ళు కొడుతున్నారు కదా, చేతులు ఊరికే ఉంచుకుంటే బాగుండదని కొట్టాడు. దానికి అతణ్ణి ఏమనాలో కథ చెప్పే నాకూ తెలియదు.

ప్రదర్శన నాలుగు రోజులు నడిచింది. తల్లీకొడుకులు అక్కడే మిల్లు వరండాలో పడుకున్నారు. నాలుగోరోజు మధ్యాహ్నం సామాన్లు సర్దుతుండగా ఓబుళేశు వెళ్ళి దిమ్మె సంగతి అడిగాడు. శ్రీవాసవి అన్నను చూసింది. ప్రదీప్‌కుమార్ తల్లిని చూశాడు. రాజ్యలక్ష్మమ్మ ఆ రోజే మొదటిసారి మిల్లులోకి వచ్చింది. మనిషి మంచిదే, గుడికి పోనిదే మంచినీళ్ళు ముట్టదు. బొమ్మ దగ్గరికెళ్ళి చూసి, వెంటనే ముఖం తిప్పుకుంది.

"ఏందే ఇది? పొద్దున గేటు తీస్తానే గుడ్డోని మొగం చూడాల్నా మేము? ఎవరో ఏమో! కండ్లన్నా ఉండుంటే ఎవరో పెద్దాయనలే అని ఒక పువ్వు పెట్టుకుందుము. ఇట్లాంటిది మన జాగాలో వద్దంటే వద్దు."

ఓబుళేశు శ్రీవాసవి ముఖంలోకి చూశాడు. ఒక్క మాట, కళ్ళు ఉండేవని ఒక్క మాట చెబుతుందేమోనని చూశాడు. ఆమె ఫోన్ చూసుకుంటూ, "అమ్మ మాట తీసెయ్యలేనన్నా. ఫోటోలు చాలా బాగా వచ్చినాయి, అవి చాలు నాకు" అంది. తర్వాత, మరిచిపోయినదేదో గుర్తొచ్చినట్టు, ప్రదర్శనలో సహకరించినందుకు అతనికొక ప్రశంసాపత్రం ఇచ్చింది. దాంట్లో ఓబుళేశు పేరు తప్పు లేకుండా రాసి ఉంది.

మరునాడు పొద్దున ట్రాలీ ఆటోలో గడ్డి పరిచి పెద్ద ఈరన్నను వెల్లకిలా పడుకోబెట్టారు. ఎండ నేరుగా ఆ గుంతల్లో పడుతుంటే నాగలక్ష్మమ్మ పాత తువ్వాలు తీసి ముఖానికి కప్పింది. దాని అంచు గాలికి లేస్తే అరచేత్తో అదిమిపెట్టుకుంది. ఓబుళేశు ఎదురుగా ఒదిగి కూర్చున్నాడు.

ఎర్రగుంట్ల దగ్గరపడ్డాక అతను ఇక ఉండబట్టలేకపోయాడు. "మళ్ళా తెరుస్తానమ్మా. షెడ్డులోనే తెరుస్తా. పద్ధతీ వద్దు, ఏం వద్దు."

"వద్దులేరా."

"నీ మీద ఒట్టు. రేపే తెరుస్తా."

నాగలక్ష్మమ్మ తువ్వాలు మీంచి చెయ్యి తీయలేదు. కొడుకు వైపు చూడలేదు.

"మీ నాయన కండ్లు తెరిచి మొదట చూసింది నన్ను. కడాకు చూసింది నిన్ను. ఇంక ఆయనకు చూడాల్సిన పనేముండాదిరా?"

ఆటో ఫ్యాక్టరీ రోడ్డు మీదికి తిరిగింది. వంక పూడ్చిన చోటు వస్తోందని ఓబుళేశుకు తెలుసు. ఎప్పటిలాగే అమ్మ చెప్పులు విడుస్తుందని ఆమె కాళ్ళవైపు చూశాడు. ఆమె విడవలేదు, ఆయన ఇంక ఆ రోడ్డు కింద లేడన్నట్టు చెయ్యి తువ్వాలు మీదే ఉంచుకుంది. ముందు సిమెంటు లారీ ఒకటి పోతోంది, దాని వెనకే ఆటో కూడా ఆ చోటు మీదుగా వెళ్ళిపోయింది.